ప్యాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) చార్ట్‌లో డాక్టర్ ఊరికే 'సర్స్' (SIRS, ఒళ్లంతా వచ్చే ఇన్‌ఫ్లమేషన్ స్పందన) అని రాసి వదిలేస్తే కోడర్లు ఏం చేస్తున్నారు?

కూకట్‌పల్లి_కోడర్:
అమెరికా ఇన్‌పేషెంట్ చార్టులు చదివి జబ్బులకు ఐసీడీ కోడ్‌లు ఇస్తాను. అక్యూట్ ప్యాంక్రియాటైటిస్ కేసు. టెంపరేచర్ 38.6, పల్స్ 118, తెల్లకణాలు 17 వేలు, కల్చర్లు (క్రిముల కోసం చేసే పరీక్షలు) నెగటివ్. డాక్టర్ రెండో రోజు నోట్‌లో 'సర్స్' అన్నారు, ఇంకోచోట 'ఏకేఐ' (కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం) అన్నారు, అంతే. సర్స్ వల్ల అవయవం దెబ్బతింటే ఇచ్చే ఆర్65.11 ఇచ్చాను. ఆడిట్‌లో ఎర్రర్ వేశారు!

ఆడిట్_అక్క:
వేయాల్సిందే తమ్ముడూ, ఏమనుకోకు. కిడ్నీ దెబ్బతిన్నది సర్స్ వల్లా, ఒంట్లో నీళ్లు తగ్గడం వల్లా? ఎవరూ రాయలేదుగా. స్పష్టత లేకపోతే క్వెరీ పెట్టమని, అంటే డాక్టర్‌నే అడగమని, గైడ్‌లైన్‌లోనే ఉంది. సర్స్ వల్లే అని రాసుంటే ముందు కె85 (ప్యాంక్రియాటైటిస్), తర్వాత ఆర్65.11, ఆపైన ఎన్17.9 (ఏకేఐ). ఆర్65 మాత్రం ఎప్పుడూ మొదట రాదు.

ఐసీయూ_నైట్‌డ్యూటీ:
నేను డాక్టర్‌ని, మా తప్పూ ఉంది. 1992 నాటి నిర్వచనంలో నాలుగింట రెండు ఉంటే సర్స్: టెంపరేచర్ 38 పైన లేదా 36 కింద, పల్స్ 90 పైన, శ్వాస 20 పైన, తెల్లకణాలు 12 వేల పైన లేదా 4 వేల కింద. లిఫ్ట్ పనిచేయని రోజు నాకే రెండు వస్తాయి! 2016లో సెప్సిస్‌కి (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) సర్స్‌ని పక్కనపెట్టిన కొత్త నిర్వచనం, సెప్సిస్-3, వచ్చాక చాలామంది ఆ మాట రాయడమే మానేశారు. కానీ ప్యాంక్రియాటైటిస్‌లో సర్స్ 48 గంటలు దాటినా తగ్గకపోతే అవయవాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. అందుకే నేను రోజూ రాస్తాను: 'ప్యాంక్రియాటైటిస్ వల్ల సర్స్, ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లు లేవు, యాంటీబయాటిక్ ఆపాం.'

కొత్త_కోడర్:
'న్యుమోనియా వల్ల సర్స్' అని ఉంటే మేడమ్?

ఆడిట్_అక్క:
న్యుమోనియా కోడ్ ఒక్కటే. ఆర్65.1 ఇన్‌ఫెక్షన్ లేనివాళ్లకే. సెప్సిస్ అనుమానం ఉంటే డాక్టర్‌ని అడగాలి, మనమే ఇచ్చేయకూడదు.

సీడీఐ_నర్సు:
డాక్టర్ల రాతల్లో స్పష్టత ఉందో లేదో చూడటం నా పని. నాకు టెన్షన్ కాపీ-పేస్ట్‌తోనే. మొదటి రోజు ఎమర్జెన్సీలో రాసిన 'ప్రాబబుల్ సెప్సిస్' అలాగే డిశ్చార్జ్ సమ్మరీలోకి వచ్చేస్తుంది. ఇన్‌పేషెంట్ రూల్ ప్రకారం అక్కడ అలా ఉంటే సెప్సిస్ ఉన్నట్టే కోడ్ చేయాలి. కల్చర్లన్నీ నెగటివ్ వచ్చాక కూడా! తర్వాత ఇన్సూరెన్స్‌వాళ్లు తిప్పికొడతారు. అన్నట్టు కూకట్‌పల్లీ, క్వెరీలో 'ఏకేఐ సర్స్ వల్లేనా?' అని అడగొద్దు, అది జవాబు అందించినట్టు. సర్స్, డీహైడ్రేషన్, ఇతర కారణం, చెప్పలేం అని ఆప్షన్లు ఇవ్వు.

కూకట్‌పల్లి_కోడర్:
అలాగే పంపాను. జవాబు వచ్చింది: 'ఏకేఐ, డీహైడ్రేషన్ వల్ల.' సర్స్ వల్ల అవయవం దెబ్బతినకపోతే ఇచ్చే ఆర్65.10 కి మార్చాను.