తలమీది దూలమా, పై దూలమా?

ప్రశ్న

భవనాల నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఇప్పుడు అలాంటి సాఫ్ట్‌వేరే అయిన రెవిట్‌ పాఠంలో ఒక చోట ఆగిపోయాను. గదిలో నిలబడినవారికి నెత్తిన కనిపించే బీమును ఆ గది ప్లానులో తెగిన గీతలతో చూపించాలి. దాన్ని ‘పై దూలం’ అని రాశాను. చదివినవారిలో ఒకరు ‘ఊర్ధ్వ దూలం’ అనమన్నారు, మరొకరు ‘దాగిన దూలం’ అనమన్నారు. ఏది సరైనది? అసలు దూలం అన్న మాట కాంక్రీటుకు చెల్లుతుందా?

సమాధానం

చివరి సందేహాన్ని ముందు తీరుస్తాను. రాతిదైనా కాంక్రీటుదైనా స్తంభాన్ని స్తంభమనే అంటున్నాం. దూలమూ అంతే. అడ్డంగా ఉండి పైబరువును మోసేది దూలం, నిలువుగా ఉండి మోసేది స్తంభం లేదా నిట్టాడు, వాలుగా దిగేది వాసం. ఈ పేర్లు పనిని, నిలిచిన తీరును బట్టి వచ్చినవే తప్ప కర్రను బట్టి వచ్చినవి కావు. పని జరిగే చోట అందరూ బీము అంటారు, అదీ తెలుగులో కలిసిపోయిన మాటే. రెండింటిలో ఒకటి ఎంచుకుని పాఠం చివరిదాకా దానికే కట్టుబడండి.

‘ఊర్ధ్వ దూలం’ వద్దు. ఊర్ధ్వం అనగానే పైకి సాగే దిశ మనసులోకి వస్తుంది. నిలువుగా లేచిన దూలమేమిటని చదివేవారు తికమకపడతారు.

‘దాగిన దూలం’ అంతకంటే ప్రమాదం. స్లాబు మందంలోనే ఇమిడిపోయి, కిందికి పొడుచుకురాని దూలం నిజంగానే ఉంది. ఇంజనీర్లు హిడెన్ బీము, కన్సీల్డ్ బీము అనేది దాన్నే. మీరు చెబుతున్నది కిందికి వేలాడేది. ఆ తేడా తెలియక ఎవరైనా గాలి గొట్టాన్ని స్లాబుకు ఆనించి గీశారనుకోండి, అది తిన్నగా వెళ్లి దూలానికి తగులుతుంది.

ఇక మీ ‘పై దూలం’. వినడానికి హాయిగా ఉంది, కానీ ‘పై’ అన్నది తెలుగులో చాలా బరువులు మోసే మాట. ఒకసారి నేనే ఒక ప్లానులో తెగిన గీతల పక్కన ‘పై దూలం’ అని రాసి పంపాను. అందుకున్నవారు దాన్ని స్లాబు అడుగున కాకుండా స్లాబు మీదికి లేచే దూలంగా అర్థం చేసుకున్నారు. అలాంటి దూలాలూ కడతారు కనుక వారి తప్పేమీ లేదు. ఇంకొకరు అది పై అంతస్తు తాలూకు దూలమా అని అడిగారు. మూడో మనిషి కాగితంలో పై అంచున ఉన్న దూలం కోసం వెతికారు! ఒక్క అక్షరానికి మూడు అర్థాలు, మూడూ న్యాయమైనవే.

అందుకే నా ఓటు ‘తలమీది దూలం’ అన్న మాటకు.

ప్లాను అంటే ఏమిటో చూస్తే కారణం తెలుస్తుంది. ప్లానులో మనం చూసేది భవనాన్ని అడ్డంగా కోసి, ఆ కోత నుంచి కిందికి చూసిన దృశ్యం. రెవిట్‌తో వచ్చే మెట్రిక్ టెంప్లేట్లలో, అంటే కొత్త పని మొదలుపెట్టడానికి ముందే సిద్ధంగా ఉండే ఫైళ్లలో, ఆ కోత మామూలుగా నేల నుంచి 1200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. దూలం అంతకంటే బాగా పైన ఉంటుంది కాబట్టి కోతతోపాటు ఎగిరిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని చూపించకపోవడం లోపమేమీ కాదు, చూపు కిందికి ఉంది, అంతే. చూపించాలంటే అండర్‌లేలో, అంటే ఒక అంతస్తును ప్లాను వెనక లేతగా చూపించే అమరికలో, చూపు దిశను ‘లుక్ అప్’ (పైకి చూపు)కు మార్చి, గీతల తీరు మార్చే లైన్‌వర్క్ పనిముట్టుతో దూలం అంచులకు ‘ఓవర్‌హెడ్’ గీతను వేయాలి.

ఇప్పుడు అదే దూలాన్ని పై అంతస్తు స్ట్రక్చరల్ ప్లానులో, అంటే దూలాలు, స్తంభాలు, స్లాబులు చూపే ప్లానులో చూడండి. అక్కడా తెగిన గీతలే, కానీ కారణం వేరు. అక్కడ మనం స్లాబు మీద నిలబడి కిందికి చూస్తున్నాం, దూలం స్లాబు చాటున ఉంది. అంటే ఒకే దూలం ఒక ప్లానులో నెత్తిన ఉంటుంది, మరో ప్లానులో కాళ్ల కింద ఉంటుంది. దూలం కదలలేదు, మనం నిలబడిన చోటు మారింది. కాబట్టి ఈ పేరు దూలం గుణాన్ని కాక చూసేవారి చోటును చెప్పాలి. ‘తల’ అనగానే ఆ గదిలో ఒక మనిషి నిలబడతాడు. మొదటి ప్లానులో ‘తలమీది దూలం’, రెండో ప్లానులో ‘స్లాబు కింది దూలం’ అనండి.

అడిగినవారు

అండీ, కాళ్ల కింద, నెత్తిన అని విడదీయడంతో నాకే కొత్తగా అర్థమైంది. కానీ ఒక అనుమానం. ‘మీద’ అంటే తాకినట్టు కదా? బల్ల మీద పుస్తకం, తల మీద తట్ట. తలమీది దూలం అంటే మనిషి దూలం మోస్తున్నట్టు వినిపించదా?

సమాధానం

మంచి అనుమానం, తోసిపుచ్చలేను. ‘మీద’లో తాకిడి ఉన్న మాట నిజమే. కానీ తల, నెత్తి లాంటి మాటల పక్కన అది తాకకుండానూ నిలుస్తుంది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది అంటాం, తల మీద కత్తి వేలాడుతోంది అంటాం. తగులుతుందని ఎవరూ అనుకోరు. అయినా మనసుకు అడ్డుపడితే ‘నెత్తిన ఉన్న దూలం’ అని విప్పి రాయండి. పొడుగైనా తప్పు కాదు. ‘తలపై దూలం’ మాత్రం వద్దు, తొందరలో చదివితే మళ్లీ ‘పై దూలం’ దగ్గరికే వస్తారు.

పైకి చూసే చూపు గురించి ఇంకో మాట. ‘తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం’ అన్న సామెత ఉంది కదా, అందులోని మనిషి వెల్లకిలా పడుకుని కప్పును చూస్తున్నాడనుకోండి. అలా చూసి గీస్తే తూర్పు పడమరలు తారుమారవుతాయి. గది కప్పును చూపే రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాను అలా గీసింది కాదు. నేలంతా అద్దం పరిచి, ఆ అద్దంలో కప్పును చూసినట్టు గీస్తారు. అందుకే అది కింది ప్లాను మీద పెడితే గోడకు గోడ సరిపోతుంది. దాన్ని చాలామంది ‘పైకి చూసిన పటం’ అని రాస్తున్నారు, అది పొరపాటు. ‘అద్దంలో కప్పు’ అని మొదటిసారి వివరించి, తర్వాత ‘కప్పు ప్రతిబింబ పటం’ అనండి.

అడిగినవారు

అయితే గీతల వివరణ పెట్టెలో ఇలా రాస్తున్నాను: ‘తెగిన గీతలు – తలమీది దూలం రెండు అంచులు, దూలం స్లాబు అడుగున వేలాడుతుంది.’ చాలా?

సమాధానం

స్లాబు అడుగున ఎంత వేలాడుతుందో మిల్లీమీటర్లలో చేర్చండి. పని చేసేవారు మొదట వెతికేది అదే.