డోనట్ డేని ‘నేషనల్’ అన్నదెవరు?

కాఫీరాయుడు: జూన్ మొదటి శుక్రవారం కదా, అమెరికా అంతా ‘నేషనల్ డోనట్ డే’ అట. మా ఆఫీసు ప్యాంట్రీలో క్యూ. మొన్న మే 28న హాంబర్గర్ డే. జులైలో ఐస్‌క్రీమ్ డే వస్తుంది. షాపులవాళ్లు సరుకు అమ్ముకోవడానికి పెట్టుకున్న రోజులివి. కాదనేవాళ్లున్నారా?

పిండివంట: నేనున్నాను. డోనట్ డేని 1938లో షికాగోలో మొదలుపెట్టింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ, షాపులు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి సైనికులకు డోనట్లు వేయించి పెట్టిన ఆడవాళ్ల గుర్తుగా, గ్రేట్ డిప్రెషన్ అనే ఆర్థిక మాంద్యం రోజుల్లో పేదల కోసం చందాలు పోగు చేయడానికి. యుద్ధభూమిలో ఓవెన్ ఎక్కడ దొరుకుతుంది? పిండి, పంచదార, కాగే కొవ్వు ఉంటే చాలు.

కాఫీరాయుడు: చరిత్ర సరే. ‘నేషనల్’ అని ఎవరన్నారు?

నిద్రమొహం: ఫ్రీగా ఇస్తే తినేసి ఊరుకోండి సార్.

పిండివంట: ఐస్‌క్రీమ్‌ని సాక్షాత్తూ ప్రెసిడెంటే అన్నాడు. 1984లో రీగన్ ప్రకటన.

కాఫీరాయుడు: నేనడిగింది డోనట్ సంగతి! పైగా ఇలాంటి రోజుల బిల్లులు ఇక తీసుకోబోమని 1995లో అమెరికా ప్రతినిధుల సభ రూలే పెట్టుకుంది.

గళ్లలుంగీ: ‘నేషనల్ టైలర్స్’ అని బోర్డు పెట్టుకున్న దర్జీని పర్మిషన్ ఎవరిచ్చారని అడిగామా?

పిండివంట: నేను డోనట్ షాపులో మూడేళ్లు చేశాను. తెల్లవారుజామున మూడింటికి పిండి కలిపేదాన్ని. ఆ ఒక్క శుక్రవారం జనం నా మొహం చూసి ‘హ్యాపీ డోనట్ డే’ అనేవాళ్లు. మిగతా రోజులు కార్డు గీకి వెళ్లిపోయేవాళ్లే.

కాఫీరాయుడు: మీ సెంటిమెంట్ వేరు, నా ప్రశ్న వేరు.

పిండివంట: డోనట్ మీద ఇంత కోపమేంటండీ? ఎవరో మీ నోట్లో కుక్కినట్టు!

కాఫీరాయుడు: కోపం డోనట్ మీద కాదు. పోయినేడాది జూన్‌టీన్త్‌కి సెలవు అడిగాను, కుదరదన్నారు. 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో, బానిసలు ఇక స్వతంత్రులని సైన్యం చదివి వినిపించిన రోజది. 2021 నుంచి ఫెడరల్ హాలిడే. మా వాళ్లు ఆ రోజు ఆనవాయితీ అని ప్యాంట్రీలో ఎర్ర సోడా పెట్టి, శుభాకాంక్షల మెయిల్ పంపి, నాలుగింటికి రివ్యూ మీటింగ్ వేశారు. డోనట్ డేకి పంపిన మెయిల్లోనే పేరు మార్చారంతే. మా టీమ్‌లోని నల్లజాతి కొలీగ్ ఆ సోడా ముట్టుకోలేదు. నేను మాత్రం రెండు డబ్బాలు తాగాను. ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

గళ్లలుంగీ: ఫెడరల్ హాలిడే అంటే సెలవు ఫెడరల్ ఉద్యోగులకే అన్నా. ప్రైవేటు కంపెనీ ఇచ్చి తీరాలని లేదు. యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే మెమోరియల్ డేకీ అంతే.

కాఫీరాయుడు: తెలుసు. తెలిసే మండుతోంది.

పిండివంట: ఈ ముక్క మొదటే రాస్తే నేనింత టైపు చేసేదాన్నా? అయినా మీ కంపెనీని అనాల్సింది డోనట్‌ని అన్నారు. మెమోరియల్ డేకి మీకు సెలవుంటుంది కదా, మాకు గిరాకీ ఎక్కువ ఉండేది ఆ రోజే. పొద్దున్నే మీకు కాఫీ పోసిందెవరో ఎప్పుడైనా చూశారా?

కాఫీరాయుడు: చూడలేదు. ఒప్పుకుంటాను.

నిద్రమొహం: హమ్మయ్య, ఇక పడుకుంటా.

కాఫీరాయుడు: పడుకో బాబూ. నేషనల్ అన్నదెవరో మాత్రం ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.