ఎమ్మారై రిపోర్టులో తెల్ల మచ్చలు అని ఉంది, ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అనుకోవాలా?

హిందూపురం_వాసి:
అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉద్యోగాల కోసం ఆరేళ్ళుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా ఆవిడకి 29 ఏళ్ళు. మూడు వారాల కింద ఎడమ కన్ను తిప్పితే నొప్పి అంది, రెండు రోజుల్లో ఆ కంటికి మసక వచ్చేసింది. లాప్‌టాప్ ఎక్కువ చూస్తున్నావులే అని నేనే తేలిగ్గా తీసిపారేశాను. ఓ రోజు పొద్దున కూరలు తరుగుతూ ఒక్కో కన్నూ మూసి చూసి, "ఈ కంటితో టమాటా ఎర్రగా లేదండీ, పాత ఇటుకలా ఉంది" అంది. అప్పుడు గుండె జారిపోయింది. కంటి డాక్టరు చూసి కంటి నరం వాపు అని చెప్పి ఎమ్మారై రాశారు.

దగ్గర్లోనే ఒక స్కాన్ సెంటర్లో తీయించాం. కాంట్రాస్ట్ (మచ్చలు తేలడానికి రక్తంలోకి ఎక్కించే మందు) కావాలా అంటే కౌంటర్లో అబ్బాయి "అక్కర్లేదు సార్, ప్లెయిన్ చాలు" అన్నాడు, ఖర్చు తగ్గుతుంది కదా అని నేనూ సరే అన్నాను. రిపోర్టులో ఫ్లెయిర్‌లో (ఎమ్మారైలో ఒక రకం బొమ్మట) కొన్ని తెల్ల మచ్చలు కనిపిస్తున్నాయి, డీమైలినేషన్ (నరాల మీది రక్షణ పొర దెబ్బతినడం) అయ్యుండొచ్చు అని రాశారు. గురువారం న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్. ఈలోగా గూగుల్ చూసి చూసి ఇద్దరికీ నిద్ర లేదు. మచ్చలుంటే ఎమ్మెస్, అదే ఆ పొర దెబ్బతినే జబ్బు, ఖాయమేనా? ఊళ్ళో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
టెన్షన్ పడకండి బ్రో. ఎమ్మెస్ తెల్లోళ్ళ జబ్బు, మనకి రాదు. బీ12 తక్కువై ఉంటుంది, ఇంజెక్షన్లు వేయించండి, సరిపోతుంది.

మాగ్నెట్_గది:
నేను ఈ ఊళ్ళోనే ఎమ్మారై టెక్నాలజిస్టుని, పదకొండేళ్ళ నుంచి ఇదే పని. పైన రాసినాయనకి ముందు ఒక మాట. మనవాళ్ళలో తక్కువే గానీ రాదనడం తప్పు. బీ12 పరీక్ష చేయించాల్సిందే, కానీ అది తగ్గి కళ్ళు దెబ్బతింటే మామూలుగా రెండు కళ్ళకీ వస్తుంది, నొప్పి ఉండదు. ఈ అమ్మాయికి ఒక కన్ను, పైగా తిప్పితే నొప్పి.

ఇక మచ్చల సంగతి. మచ్చ ఉందా లేదా అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. మైగ్రేన్ ఉన్నవాళ్ళకీ, బీపీ వాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ తెల్ల చుక్కలు కనిపిస్తూనే ఉంటాయి. ఎమ్మెస్ మచ్చ కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి, దానికి ఇష్టమైన చోట్లు వేరు: మెదడు మధ్యలో నీళ్ళ గదుల్ని ఆనుకుని, పై పొరకి తగులుతూ, కింద చిన్నమెదడు లేదా బ్రెయిన్ స్టెమ్ (మెదడు కాండం) దగ్గర, ఇంకా వెన్నుపాములో. ఎమ్మెస్ నిర్ధారించే 2017 మెక్‌డొనాల్డ్ నిబంధనల ప్రకారం ఈ నాలుగింటిలో కనీసం రెండు చోట్ల ఉండాలి, ఆ తర్వాతి సవరణలో కంటి నరాన్నీ ఐదో చోటుగా కలిపారు. ఫ్లెయిర్‌లో మామూలు నీళ్ళు నల్లగా పడతాయి కాబట్టి ఆ గదుల అంచున ఉన్న మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పక్క నుంచి తీసిన బొమ్మలో ఆ గదుల మీద వేళ్ళు నిలబెట్టినట్టు మచ్చలు లేచి ఉంటే, రిపోర్టు రాకముందే మాకు అనుమానం వచ్చేస్తుంది (పేషెంటుకి మాత్రం ఏం చెప్పం, చెప్పకూడదు).

కాంట్రాస్ట్ దేనికంటే, కొత్త మచ్చ కొన్ని వారాలపాటు గాడోలినియం (ఆ కాంట్రాస్ట్ మందు) పీల్చుకుని వెలుగుతుంది, పాతది వెలగదు. ఒకే స్కాన్‌లో రెండు రకాలూ ఉంటే జబ్బు ఒక్కసారి వచ్చి పోయినది కాదని తెలుస్తుంది, రెండో ఎటాక్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. స్టెరాయిడ్ పడితే ఆ వెలుగు తగ్గిపోవచ్చు. అలాగని స్కాన్ కోసం మందు ఆపమనడం లేదు, అది డాక్టరు తేల్చాలి. మళ్ళీ తీయిస్తే మెదడు, కంటి నరాలు, వెన్ను అన్నీ అడగండి. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రిపోర్టు కూడా పట్టుకెళ్ళండి.

కాఫీ_ఫిల్టర్:
తమ్ముడూ, నాకు ఎమ్మెస్ వచ్చి తొమ్మిదేళ్ళు. రోజూ పిల్లాణ్ణి స్కూటీ మీద స్కూల్లో దింపుతున్నా, ముందు ఆ మాట మీ ఆవిడకి చెప్పు.

ఫిల్ములు చాలవు, సీడీ అడిగి తీసుకో. న్యూరాలజిస్టు రిపోర్టు పక్కన పెట్టి బొమ్మలు తనే చూసుకుంటారు. వచ్చే ఏడాది స్కాన్‌తో పోల్చేదీ దీన్నే, అందుకే వీలైనంతవరకు ఒకే మెషీన్లో తీయించుకోమంటారు. నేను మొదట్లో చోటు మార్చి తీయించి, ఒకచోట 5 మిల్లీమీటర్ల ముక్కలు, ఇంకోచోట 1 మిల్లీమీటరువి, పెరిగిన మచ్చలు జబ్బువా మెషీన్‌వా తెలియక రెండు నెలలు ఏడ్చాను.

ఇంకోటి, ఎన్ఎంఓ (న్యూరోమైలైటిస్ ఆప్టికా) అని వేరే జబ్బుంది, అదీ కంటి నరం మీదికే వస్తుంది, కానీ మందులు వేరు. ఎమ్మెస్ మందులు కొన్ని దాన్ని ఇంకా పెంచుతాయి కూడా. ఆక్వాపోరిన్‌-4, మాగ్ (ఎంఓజీ) అని రక్తపరీక్షలుంటాయి, గురువారం తప్పకుండా అడుగు. మచ్చలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు. నా తలలో ఇరవై పైనే ఉన్నాయి, నాతో పాటు నిమ్హాన్స్ ఆసుపత్రికి వచ్చే ఒకావిడకి ఆరే, ఆవిడ కర్ర లేకుండా నడవలేదు.

హిందూపురం_వాసి:
అక్కా, స్కూటీ మాట చదివి వినిపించాను, మూడు రోజుల తర్వాత ఇవాళ నవ్వింది. గురువారం వెళ్ళొచ్చాం. స్టెరాయిడ్ రేపటినుంచి, ఐదు రోజులు. దానికంటే ముందే, రేపు పొద్దున ఏడింటికి, కాంట్రాస్ట్‌తో వెన్ను కూడా కలిపి స్కాన్. రక్తం ఇచ్చాం. సీడీ తెచ్చుకున్నాను. నిన్న అత్తమ్మ దిగారు, చెప్పక తప్పలేదు. ఇప్పుడామె బాధంతా ఒకటే, పోయినసారిలా మళ్ళీ మంగళసూత్రం తీయనివ్వనంటున్నారు.

మాగ్నెట్_గది:
రోజూ ఉండేదే. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి వేసుకుని రమ్మనండి, దాంతో నిక్షేపంగా లోపలికి వెళ్ళొచ్చు. పుస్తెలు, నల్లపూసలు, మట్టెలు ఇంట్లోనే పెట్టి రండి. అన్నిటికన్నా పిన్నీసులు జాగ్రత్త, చీరలో ఒకటి మర్చిపోతే చాలు, మెషీన్ లాగేస్తుంది. గంట పైన పడుతుంది, చెవుల్లో దూది మేమే ఇస్తాం.