పొడుగు చెయ్యి ఉన్న కంచె కట్టర్ తగిలించే ముందు ట్రాక్టర్‌లో ఏమేం చూసుకోవాలి?

కొత్త డ్రైవర్:
అన్నలూ, ఇప్పటిదాకా కల్టివేటర్, రోటావేటర్ తప్ప నా బండికి వేరే పనిముట్టు తగిలించలేదు. ఇప్పుడు జీవకంచె కొట్టడానికి కుడి పక్కకి చాచే కట్టర్ పెట్టాల్సి వస్తోంది. త్రీ పాయింట్ లింకేజ్ (పనిముట్టుని మూడు చోట్ల పట్టి ఎత్తే వెనక చేతులు) మీద ఎక్కుతుంది, పీటీఓ (ఇంజిన్ శక్తిని పనిముట్టుకి ఇచ్చే వెనక ఇరుసు) నిమిషానికి 540 చుట్లు. బండి 50 హెచ్‌పీ. లిఫ్ట్ ఎత్తుతుందనే నమ్మకం ఉంది గానీ, చెయ్యి మొత్తం చాస్తే బండి ఒరగకుండా నిలబడుతుందా అని భయంగా ఉంది. పీటీఓ నుంచి రోటావేటర్‌ని తిప్పే షాఫ్ట్ దీనికి పనికొస్తుందా?

పాత స్పానర్:
తమ్ముడూ, భయపడాల్సిన చోటే భయపడ్డావు. రోటావేటర్ బరువు నడిమధ్యలో ఉంటుంది, దీనిది పక్కకి లాగుతుంది. అందుకే హెచ్‌పీ సరిపోతే చాలదు. బండి బరువు కనీసం ఎంత ఉండాలో మెషిన్ పుస్తకంలో రాసి ఉంటుంది, ముందు అది చూడు. వెయిట్లు కలిపినా అంతకి రాకపోతే ఆ మెషిన్ నీ బండికి వద్దు.

సరిపోతే, వెనక చక్రాలు బండి ఇచ్చినంత వెడల్పుగా పెట్టించు. నీది కుడికి చాచేది కాబట్టి ఎడమ వెనక చక్రానికి వెయిట్లు బిగించు. ముందు వెయిట్లు కూడా మరవకు. ఖాళీ బండి బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద నిలవాలి, లేకపోతే స్టీరింగ్ మాట వినదు. కుడి టైర్లో గాలి తగ్గితే చెయ్యి చాచకముందే బండి అటు ఒరిగి ఉంటుంది, అదీ చూసుకో.

చెక్ చైన్లు (లింకేజ్ చేతులు పక్కలకి ఊగకుండా పట్టే గొలుసులు) దీనికి బిర్రుగా ఉండాలి. మెషిన్‌తో పాటు ఇరుసుకి బిగించే స్టే రాడ్లు వస్తే, అవి బిగించాక లిఫ్ట్ లీవర్ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఏదో ఒకటి వంగుతుంది.

ఇక షాఫ్ట్. రోటావేటర్‌ది తెచ్చి పెట్టకు. మెషిన్‌తో వచ్చిన షాఫ్టే అయినా కొలవకుండా వెయ్యకు. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, షాఫ్ట్‌ని రెండు ముక్కలుగా లాగు. ఒకటి బండికి, ఒకటి మెషిన్‌కి తగిలించి పక్కపక్కన పట్టుకో. మెషిన్ బండికి అతి దగ్గరగా వచ్చే ఎత్తులో కూడా, ముక్కలు అవతలి కొసకి తగలకుండా కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకపోతే షాఫ్ట్ వెళ్లి పీటీఓ బేరింగ్‌ని గుద్దుతుంది. అతి దూరం వెళ్లినప్పుడు కనీసం మూడో వంతు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. కొయ్యాల్సి వస్తే రెండు గొట్టాలూ, వాటి ప్లాస్టిక్ గార్డులూ సమానంగా కొయ్యి. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా రాసి గ్రీజు పట్టించు. గార్డు గొలుసు రెండు వైపులా కట్టు. నిమిషానికి 540 అంటే సెకనుకి 9 చుట్లు. లుంగీ అంచో, తువ్వాలో చిక్కితే వదిలించుకునే టైం ఉండదు.

కొత్త డ్రైవర్:
అన్నా, నా బండికి క్యాబిన్ లేదు, పైన ఉత్త కానపీ (కప్పు) మాత్రమే. పర్లేదా?

లిఫ్ట్ ఆర్మ్:
పర్లేదు అనలేను బాబూ. బ్లేడ్లకి రాయి తగిలితే తూటాలా వస్తుంది. నువ్వు కూర్చునే చోటికీ కట్టర్‌కీ మధ్య గట్టి జాలీ గానీ పాలీకార్బొనేట్ పలక గానీ లేకుండా మొదలుపెట్టకు. కంచె పొడవునా ముందు నడిచి పాత ఇనప తీగలు, రాళ్లు తీసెయ్యి. పైన కరెంటు తీగలు ఎక్కడున్నాయో కూడా అప్పుడే చూసుకో, చెయ్యి పైకి లేపితే ఎంత ఎత్తు పోతుందో తెలిసి ఉండాలి. పైపుల్లో నూనె కారుతోందని అనుమానం వస్తే వేలు పెట్టి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడు. ప్రెషర్‌తో వచ్చే సన్నని ధార చర్మంలోకి దూరిపోతుంది, గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పాత స్పానర్:
ఆయన చెప్పింది నిజం. క్యాబిన్ లేని బండి మీద ఈ పని చెయ్యమని నేనైతే చెప్పను. పీటీఓ ఆపాక కూడా బ్లేడ్లు ఉండే రోటర్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగేదాకా సీటు దిగకు.

అన్నీ బిగించాక చదునైన నేల మీద, పీటీఓ ఆపేసి, చెయ్యి నేలకి దగ్గరగానే ఉంచి నెమ్మదిగా చాపించు. ఇంకొకరిని కాస్త దూరంగా నిలబెట్టి ఎడమ వెనక టైరు కింది ఉబ్బు చూడమను. ఆ ఉబ్బు పోయి టైరు గుండ్రంగా లేస్తుంటే అక్కడే ఆపి చెయ్యి లోపలికి తెచ్చెయ్. వెయిట్ల సంగతి తేలేదాకా కంచె దగ్గరికి బండి పోకూడదు.