ఫుట్‌పాత్ మీదికొచ్చిన కొమ్మకు ఫొటో తీసి ఫిర్యాదు పెట్టుడా, గేటు కొట్టి చెప్పుడా?

ఓరుగల్లు_నడక:
మాది హనుమకొండ, బాలసముద్రం దగ్గర గల్లీ. ఒక ఇంటి కాగితంపూల చెట్టు ప్రహరీ దాటి ఫుట్‌పాత్ మొత్తం కమ్మింది. అమ్మకు చూపు తక్కువ. చేతికర్రతో నేల తడుముకుంటది, మొహానికి ఎదురొచ్చే కొమ్మ ఎట్ల తెలుస్తది? మొన్న ముల్లు కనుబొమ్మ చీరింది, కన్ను వెంట్రుకవాసిలో తప్పింది. ఫొటో తీసి కార్పొరేషన్‌కు ఫిర్యాదు పెట్టిన (ఆ ఫొటోనే ఇక్కడ పెడుతున్న). ఇప్పుడు ఆ ఇంటోళ్లు మొహం తిప్పుకుంటున్నరు. నాది తప్పా?

వేపనీడ:
ముందు గేటు కొట్టాల్సింది సార్. ఫిర్యాదుల సంగతి నాకు తెలుసు. 2015లో సర్కారు మొక్కలు నాటే హరితహారం మొదలైన ఏడు మా గేటు ముందు కానుగ పెట్టినం. ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసి పెంచిన. తీగలకు తగులుతుందని ఎవరో చెప్పిన్రట, నేను ఊరికి పోయొచ్చేసరికి మోడు మిగిలింది. చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలని వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. ఎవరడిగిన్రు?

కాజీపేట్_రైలు:
కాగితంపూలు చెట్టు కాదు, తీగ. వాల్టా దానికెందుకు?

వేపనీడ:
తీగైనా చెట్టైనా పెంచినోళ్లను అడగాలె కదా!

ఓరుగల్లు_నడక:
నేను కొట్టమనలే, కత్తిరించమన్న. ఫుట్‌పాత్ మీద నడిచే జాగ కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలని ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం. మా గల్లీల మనిషి పక్కకు తిరిగి పోవాలె.

వేపనీడ:
కొలతలు చెప్తున్నరు కాబట్టి అడుగుత. మీ ఇంటికి ర్యాంపు లేదా?

ఓరుగల్లు_నడక:
ఉంది. కారు ఎక్కద్దా? ర్యాంపు ఎవరి కంట్లో గుచ్చుకోదు.

నయీంనగర్_వాసి:
2020 ఆగస్టుల మా ఇంట్ల నడుముదాకా నీళ్లు. నాలాల మీద కట్టుకున్నోళ్లను అందరం తిట్టినం. మన గల్లీ మోరీల మీద సిమెంటు ర్యాంపులు పోసింది మనమే, కింద పూడిక తీసేందుకు పార పట్టదు. అది మాత్రం ఎవ్వరూ ఫొటో తీయరు.

ఓరుగల్లు_నడక:
నేను మా అమ్మ కన్ను గురించి అడిగితే అందరు నా ర్యాంపు మీద పడ్డరేంది? మీ అమ్మకైతే ఊకుంటరా?

మిర్చిబజ్జి_మూల:
అన్నా, నీ ఫొటో చూసినంక మాట్లాడకుండ ఉండలేకపోతున్న. కొమ్మ వెనక నీలం టార్పాలిన్ బండి ఉంది చూడు, అది మా పెద్దమ్మది. పదేండ్లుగా అక్కడే మిర్చీలేస్తది. మంగళవారం సిబ్బంది వచ్చి తీగ ముట్టలే. ఆ ఇంటి కారు ముట్టలే. బండి ఎత్తుకపోయిన్రు. మూకుడుల నూనె ఇంకా వేడిగనే ఉండె, రోడ్డు మీద పారబోసిన్రు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇయ్యాలె, సామాను తీస్కపోతే లిస్టు రాసియ్యాలె. ఒక్క కాగితం ఇయ్యలే.

ఓరుగల్లు_నడక:
బండి గురించి నేను ఒక్క ముక్క రాయలే తమ్మీ. ఒట్టు.

మిర్చిబజ్జి_మూల:
నువ్వు రాయలేదు, ఫొటోల పడ్డది. ఫిర్యాదు చెయ్యద్దని అంటలేను. ఎవరు పెట్టినా చివరికి తీసేది గోడ లేనోళ్లనే. గోడ ఉన్నోళ్లకు గేటు కొట్టి చెప్పాల్నట. మా పెద్దమ్మకు గేటేది?

వేపనీడ:
ఆ మాట నేను ఆలోచించలేదు. అయినా గేటు కొట్టుడు తప్పంటే ఒప్పుకోను.

ఓరుగల్లు_నడక:
తమ్మీ, సోమవారం అధికారులు ఫిర్యాదులు వినే ప్రజావాణికి పెద్దమ్మను తీస్కరా. నేనూ వస్త. ఆ ఫొటో పెట్టింది నేనే, బండి కోసం కాదని సంతకం పెట్టి చెప్త. ర్యాంపు సంగతి ఇంట్ల మాట్లాడాలె, నాన్న ఊకోడు.

కాజీపేట్_రైలు:
ఇంతకీ ఆ తీగ కత్తిరించిన్రా?

ఓరుగల్లు_నడక:
లేదు. అమ్మను రోడ్డు మధ్యల నుంచి నడిపిస్తున్న.