‘హోప్‌ఫుల్లీ నీళ్లొస్తాయి’ అనడం తప్పా, ఒప్పా?

మాస్టారు, అమలాపురం: మొన్న రైతుల సమావేశంలో ఓ అధికారి దాళ్వా (రబీ వరి) నీళ్ల గురించి ‘హోప్‌ఫుల్లీ కాలవ శివారుకి కూడా అందుతాయి’ అన్నారు. హోప్‌ఫుల్లీ అంటే ఆశతో. నీళ్లు ఆశతో వస్తాయా? ‘షీ వెయిటెడ్ హోప్‌ఫుల్లీ’ అనాలి, అది సరైన వాడుక.

నరసాపురం అమ్మాయి: మాస్టారూ, ఇక్కడ అది మొత్తం వాక్యానికి చెందుతుంది, ‘అలా జరుగుతుందని ఆశ’ అని. ‘ఫ్రాంక్లీ’ లాగే. 1960ల నుంచి అమెరికాలో దీనిమీద పెద్ద గొడవ. ఈ వాడుక వద్దంటూ వచ్చిన అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ భాషా నియమాల పుస్తకం (స్టైల్‌బుక్) కూడా 2012లో ఒప్పుకుంది.

శివారు రైతు, మలికిపురం వైపు: అసలు నీళ్లెప్పుడొస్తాయో ఎవరికైనా తెలుసా?

తణుకు కుర్రాడు: మా ఆఫీసులో రోజూ వాడతాం.

మాస్టారు: అందరూ వాడితే ఒప్పయిపోతుందా? ఫ్రాంక్లీని ‘టు స్పీక్ ఫ్రాంక్లీ’ అని విడదీయొచ్చు. దీన్ని అలా విడదీస్తే అర్థమే మారిపోతుంది. ఇంటర్వ్యూలో ఈ మాట అన్నందుకే మా అబ్బాయిని తప్పుపట్టారు.

నరసాపురం అమ్మాయి: ‘ఫార్చునేట్లీ వాన ఆగింది’ అంటే అదృష్టం వానదా? దాన్నీ విడదీయలేం, అయినా మీరు మార్కులు వేసే ఉంటారు.

మాస్టారు: ఈ కాలం పిల్లలకి వ్యాకరణమంటే లెక్కలేదు.

నరసాపురం అమ్మాయి: నేనూ ఇంగ్లిష్ పాఠాలు చెప్పే బతుకుతున్నానండి. అలా తీసిపారేయకండి.

శివారు రైతు: మీ ఇద్దరికీ దండం. నా చేను పొట్ట మీదుంది. దాళ్వాకి గోదాట్లో నీళ్లు చాలక సీలేరు జలాశయాల నుంచి వదిలేవాటి కోసం చూస్తాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటినవి మా దాకా రావాలిగా? వంతులవారీ అంటారు. మా వంతు రోజున ఎగువన మోటార్లు పెట్టి తోడేస్తారు. ఆయన ‘నేను ఆశిస్తున్నాను’ అనుంటే లేచి ‘తేదీ చెప్పండి సార్’ అని అడిగేవాణ్ణి. హోప్‌ఫుల్లీ అంటే ఎవరిని అడగను? ఆశ ఆయనదా, నాదా? నిరుడూ ఇదే మాట విన్నాను. కంకులన్నీ తాలుపోయాయి.

మాస్టారు: మొదట్నుంచీ నేననేది అదేనయ్యా!

నరసాపురం అమ్మాయి: మీరన్నది అది కాదు మాస్టారూ. ‘ప్రాబబ్లీ’లోనూ మనిషి కనపడడు, దాన్ని మీరు తప్పనరు. బాబాయ్ గారు చెప్పింది మాత్రం ఒప్పుకుంటాను. వాన గురించి ఎవరైనా హోప్‌ఫుల్లీ అనొచ్చు. కాలవ తలుపులు చేతిలో ఉన్నవాళ్లు అనకూడదు.

మాస్టారు: వ్యాకరణం పాటిస్తే ఆ తప్పించుకోవడమే కుదరదమ్మా.

శివారు రైతు: సోమవారం మళ్లీ సమావేశం. ఏ రోజు, ఎన్ని గంటలు వదులుతారో రాసివ్వమని అర్జీ పెడతాం. మాస్టారూ, ఇంగ్లిష్‌లో రాసిపెట్టండి. అమ్మా, నువ్వూ ఓసారి చూడు.