చార్మినార్ చుట్టూ తోపుడుబండ్లు ఉండాలా, తీసేయాలా?

కూకట్‌పల్లి నుంచి:
మొన్న శనివారం మా అమ్మను చార్మినార్ చూపిద్దామని తీసుకెళ్లాను. రాజమండ్రి నుంచి వచ్చింది, 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మదీనా సెంటర్ దగ్గర ఆటో దిగి నడక మొదలుపెట్టాం. ఫుట్‌పాత్ మీద చెప్పులు, దుప్పట్లు పరిచి ఉన్నాయి. రోడ్డు మీదకు దిగితే బండ్లు, వాటిని రాసుకుంటూ హారన్ కొట్టే స్కూటర్లు. చార్‌కమాన్ తోరణాలు దాటేసరికి అమ్మ ఒక షాపు మెట్టు మీద కూలబడి "ఇంక నా వల్ల కాదురా" అంది. 1591 నాటి కట్టడాన్ని అక్కడి నుంచే చూసి వెనక్కి వచ్చేశాం. అందుకే అడుగుతున్నా. ఆ దారిలోనూ, చార్మినార్ చుట్టూనూ ఉన్న బండ్లన్నింటికీ వేరే చోటు చూపిస్తే తప్పేంటి? ఎవరి పొట్టా కొట్టమనడం లేదు, నడవడానికి దారి ఇమ్మంటున్నా.

కట్టడాల అభిమాని:
తీసేయాలనే నేనూ అంటాను. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదని 2010లో చట్టాన్ని సవరించారు. బండి నిర్మాణం కాదనొచ్చు. కానీ టార్పాలిన్ కట్టి, పొయ్యి పెట్టుకుని పొద్దుపోయేదాకా అక్కడే ఉంటే తేడా ఏముంది? 2019 మేలో ఒక మినార్ నుంచి సున్నపు నగిషీ ముక్క ఊడిపడింది కూడా.

లాల్‌దర్వాజా బిడ్డ:
నేను పుట్టి పెరిగింది లాల్‌దర్వాజాలో. అమ్మగారు అంత దూరం వచ్చి చూడకుండా తిరిగి వెళ్లారంటే మనసుకు కష్టంగా ఉందండి. కానీ ఆమెను నడవనివ్వని వాటిలో స్కూటర్ల పేరు మీరే చెప్పారు, తీర్పు మాత్రం బండ్ల మీద వేశారు.

చార్మినార్ పాదాల దగ్గర రాళ్లు పరిచి వాహనాలు ఆపారు. మదీనా నుంచి గుల్జార్‌హౌజ్ ఫౌంటెన్ దాకా మాత్రం కార్లు, ఆటోలు, షాపుల ముందు పార్కింగ్. మనిషికి మిగిలే దారి ఎంత? 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి పండగలా జరిపినప్పుడు పిల్లల్ని వేసుకుని వెళ్లాను. అంత జనంలోనూ మా చిన్నోడు చెయ్యి వదిలించుకుని పరుగెత్తాడు, నాకు భయం వేయలేదు. మామూలు రోజున ఆ రోడ్డు మీద వాడి చెయ్యి వదలను.

ముక్క ఊడిపడినప్పుడు కూడా అందరూ మాట్లాడింది వాన గురించి, వాహనాల అదురు గురించి. మిర్చి బజ్జీల బండి గురించి కాదు.

ఇంకో సంగతి. చార్మినార్‌ను ఊరవతల గుట్ట మీద కట్టలేదు, నాలుగు దారులు కలిసే చోట కట్టారు. ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్‌హౌజ్, పడమటి పక్క గాజులకు పేరుపడ్డ లాడ్‌బజార్. అంగడి అక్కడికి తర్వాత వచ్చి చేరిన చెత్త కాదు, ఆ కట్టడంతో పాటే పెరిగింది.

చిన్నప్పుడు బోనాలకు ముందు మా నాయనమ్మ నన్ను గాజులకు తీసుకెళ్లేది. ఒకసారి నాకు నచ్చిన ఎర్ర లక్క గాజు చేతికి ఎక్కలేదు. గాజులాయన దాన్ని నిప్పుల మీద అటూ ఇటూ తిప్పి, లక్క మెత్తబడగానే చెక్క అచ్చుకు తొడిగి మెల్లగా కిందికి నెట్టాడు. నీళ్లలో ముంచి తీసి నా చేతికి ఎక్కించాడు. ఇంకా గోరువెచ్చగా ఉంది. ఒక అద్దం రాయి ఊడితే పట్టకారుతో మళ్లీ అతికించాడు. అది అద్దాల షాపు కాదు, గోడకు ఆనించిన చిన్న బల్ల. పెద్ద షాపు మెట్లు ఎక్కడానికి నాయనమ్మ దగ్గర డబ్బు లేదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని చదివినప్పుడు నాకు ఆ బల్లే గుర్తొచ్చింది.

వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ముందు సర్వే చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. తర్వాత వేరే చోటికి పంపాలన్నా 30 రోజుల నోటీసు తప్పనిసరి. పట్టణ వీధి వ్యాపారుల కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి. ఆ ప్రకారం బండికింత అని గీత గీసి, గీత దాటితే జరిమానా వేయండి, నేనూ ఒప్పుకుంటా. జనం రాని చోటికి తోసేస్తే మాత్రం నెల తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వస్తారు. వాళ్లు ఇంకెక్కడికి పోతారు?

కూకట్‌పల్లి నుంచి:
గాజుల బల్ల అంటే నాకూ ఇష్టమేనండి. కానీ నేను చూసిన బండ్ల మీద ఎక్కువగా ఫోన్ కవర్లు, ప్లాస్టిక్ బొమ్మలు. వాటికి వారసత్వం అని పేరు పెట్టలేం కదా?

లాల్‌దర్వాజా బిడ్డ:
నాయనమ్మ రోజుల్లో అక్కడే రిబ్బన్లు, నైలాన్ జడకుచ్చులు అమ్మేవాళ్లు. అప్పటికి అవే కొత్త సరుకు. ఏ కాలానికి ఏది కావాలో అది అమ్మడమే బజారు పని. అయినా మీ మాటలో ఒకటి నిజం: చక్రాల కుర్చీ పోయేంత దారి ఎక్కడా తెగకుండా ఉండాలి. దానికి అడ్డం వస్తే గాజుల బల్లనైనా జరపాల్సిందే.

పొద్దున నడక:
వాదనలోకి రాను, ఒక సలహా. ఉదయం ఏడింటికి రండి. బండ్లు ఉండవు, గుల్జార్‌హౌజ్ దగ్గర పావురాలు తప్ప ఎవరూ ఉండరు. కమాన్ కింద నిలబడితే చార్మినార్ మొత్తం కనిపిస్తుంది. పక్కనే మక్కా మసీదు, 1617లో మొదలై 1694కు గానీ పూర్తి కాలేదు. తర్వాత మొహర్రం సంతాపం జరిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో రంగు పలకల పని చూడండి, 1908 మూసీ వరదలో దెబ్బతిన్నా ఆ రంగులు ఇంకా కళ్లు తిప్పుకోనివ్వవు. శుక్రవారం మాత్రం వద్దు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి.

కూకట్‌పల్లి నుంచి:
థ్యాంక్స్ అండీ. బండ్ల మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, ముందు వాహనాలు ఆపాలన్నది మాత్రం ఒప్పుకుంటున్నా. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. గాజుల సంగతి రెండుసార్లు చదివించుకుంది. లాడ్‌బజార్ ఎన్నింటికి తెరుస్తారు?

లాల్‌దర్వాజా బిడ్డ:
పదకొండు దాటాలి. మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి మదీనా దగ్గర దిగకండి, మూసాబౌలి వైపు నుంచి రండి. నడక తగ్గుతుంది.